తనిఖీ రికార్డులో మాయమైన తుప్పు: ఒక సెకండ్ హ్యాండ్ ఫోర్ బై ఫోర్ కేస్ స్టడీ

కొనేవాళ్ల తరఫున సెకండ్ హ్యాండ్ ఫోర్ బై ఫోర్లు చూసి రిపోర్టు రాసివ్వడం నా పని. ఈ కేసులో బండి వయసు దాదాపు 14 ఏళ్లు. లాడర్ ఫ్రేమ్ చాసిస్ (నిచ్చెనలా ఉండే ఉక్కు ఫ్రేమ్, దాని మీద బాడీ), డీజిల్ ఇంజిన్, మాన్యువల్ గేర్లు, ముందూ వెనకా సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనీ కలిపే ఒకే గట్టి ఇరుసు). అవసరమైనప్పుడే ముందు చక్రాలకు డ్రైవ్ ఇచ్చుకునే పద్ధతి, ముందు, వెనక యాక్సిళ్లకు శక్తి పంచే, లో రేంజ్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే గేరు) ఉన్న ట్రాన్స్‌ఫర్ కేస్. అమ్ముతున్నాయన రెండో యజమాని. మీటరు 1,16,000 కి.మీ. దాటింది. పెయింటు బాగుంది, సీట్లు బాగున్నాయి, కిందికి వంగి చూస్తే అంతా నల్లగా మెరిసే, తుప్పు పట్టకుండా పూసే అండర్‌కోటింగ్. ఏటా తప్పనిసరిగా చేయించాల్సిన తనిఖీల్లో చివరి రెండూ పాస్. అందులో ఆఖరిది మూడు వారాల కిందటిదే, ఒక్క రిమార్కు కూడా లేదు.

కొనాలనుకున్నాయన నాకు ఫోన్ చేసేసరికే బండి మీద మనసు పడిపోయింది. "రికార్డంతా క్లీన్‌గా ఉందండీ, మీరొకసారి నడిపి చూసి సరే అంటే అడ్వాన్స్ ఇచ్చేస్తాను" అన్నారు. నడపడం తర్వాత, ముందు రికార్డు మొత్తం పంపండి అన్నాను. ఆయన దగ్గరున్నది ఆఖరి సర్టిఫికెట్ ఒక్కటే. మొదటి నుంచీ ఉన్నవన్నీ తీయించి వరసగా పెట్టుకున్నాక బండి వేరేలా కనబడింది.

తనిఖీ రికార్డును చాలామంది పాసా ఫెయిలా అని చూసి పక్కన పెట్టేస్తారు. ఆఫ్‌రోడ్ తిరిగిన బండికి అసలు సమాచారం ఒక ఏడాది కాగితానికీ ఇంకో ఏడాది కాగితానికీ మధ్యన దొరుకుతుంది. ఏ రిమార్కు మళ్లీ మళ్లీ వచ్చింది, ఏది పెరుగుతూ వచ్చింది, ఏది రిపేరు బిల్లు లేకుండానే మాయమైపోయింది? ఇవి తెలిస్తే లిఫ్ట్ మీద ఎక్కడ వెతకాలో ముందే తెలుస్తుంది. ఈ కేసు ఇంత వివరంగా రాస్తున్నది అందుకే.

రికార్డు ఎంత దొరుకుతుంది

అది బండి ఏ దేశంలో నమోదైందన్న దాన్ని బట్టి ఉంటుంది. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్‌లలో కారుకి మూడేళ్లు నిండాక ఏటా ఎంఓటీ (బండి రోడ్డు మీద నడవడానికి తగినదా అని చూసే) పరీక్ష ఉంటుంది. నంబరు కొడితే చాలు, 2005 నుంచి జరిగిన పరీక్షల ఫలితాలు, ఆ రోజు మీటర్ రీడింగు, ఫెయిలైన కారణాలు, గమనించుకోమని రాసిన చిన్న లోపాలు ప్రభుత్వ సైట్లో ఉచితంగా కనిపిస్తాయి. 2018 మే నుంచి అక్కడ లోపాలను ప్రమాదకరమైనవి, పెద్దవి, చిన్నవి అని విడదీసి రాస్తున్నారు. జర్మనీలో కొత్త కారుకి మూడేళ్లకు మొదటి తనిఖీ, ఆపైన రెండేళ్లకోసారి. జపాన్‌లో సొంత కార్లకూ అదే లెక్క. భారత్‌లో సొంత వాడకపు బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది, ఆ తర్వాత రెన్యువల్ కోసం ఫిట్‌నెస్ చూసి ఐదేళ్ల చొప్పున పొడిగిస్తారు. అలాంటి చోట సర్వీస్ బుక్కు, ఇన్సూరెన్స్ క్లెయిములు, రిపేరు బిల్లులే ఈ పని చెయ్యాలి.

మన కేసులో బండి నమోదైన చోట మూడేళ్లు నిండినప్పటి నుంచి ఏటా తనిఖీ తప్పనిసరి. కాబట్టి చదవడానికి కావలసినంత ఉంది.

మొదట చేసిన పని చాసిస్ నంబరు సరిచూడటం. రికార్డును రిజిస్ట్రేషన్ నంబరుతో తీసినా సరే, అందులో ఉన్న చాసిస్ నంబరూ ఫ్రేమ్ మీద కొట్టి ఉన్న నంబరూ ఒకటేనా అని కళ్లతో చూసుకోవాలి. లాడర్ ఫ్రేమ్ బండ్లలో బాడీ వేరు, ఫ్రేమ్ వేరు. బోల్టులు విప్పి ఒకదాని బాడీ ఇంకోదాని ఫ్రేమ్ మీద కూర్చోబెట్టడం పెద్ద కష్టమేం కాదు. అప్పుడు మనం చదివే చరిత్ర సగం బండిదే అవుతుంది. నంబరు చుట్టూ గ్రైండింగ్ గీతలు గానీ వెల్డింగ్ గానీ ఉంటే అక్కడితో ఆగిపోవాలి. ఈ బండికి రెండు నంబర్లూ కలిశాయి, చుట్టూ లోహం కూడా చెక్కుచెదరలేదు.

వరసగా పెట్టి చూస్తే

రికార్డులో ఉన్నది క్లుప్తంగా ఇది:

మూడేళ్లు నిండాక: 38,200 కి.మీ. పాస్.
తర్వాతి ఏడు: 52,900. పాస్.
ఆ తర్వాత: 68,400. పాస్. వెనక టైర్లు అరిగాయని రిమార్కు.
ఆ తర్వాత: 83,100. పాస్. ముందు కుడి రేడియస్ ఆర్మ్ (యాక్సిల్ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే కడ్డీ) బుష్ (రబ్బరు తొడుగు) కొద్దిగా వదులు.
ఏడో ఏడు: 97,600. పాస్. దీని తర్వాత యజమాని మారారు.
ఎనిమిదో ఏడు: 1,01,300. పాస్. ముందు బుష్‌లు రెండూ వదులు. టైర్లు కంపెనీ ప్లేటు మీదున్న సైజు కంటే పెద్దవి. కింద బురద ఉండటం వల్ల కొంత భాగం చూడలేకపోయామని రాశారు.
తొమ్మిదో ఏడు: 1,04,700. ఫెయిల్. ముందు కుడి వీల్ బేరింగు, వెనక బ్రేకు పైపుకి తుప్పు. రెండు రోజుల తర్వాత పాస్.
తర్వాత 19 నెలల పాటు ఏమీ లేదు.
పదకొండో ఏడు: 1,08,900. పాస్. వెనక కుడివైపు స్ప్రింగ్ బిగింపు దగ్గర ఫ్రేమ్‌కి పైపైన తుప్పు. ముందు ఎడమ వీల్ బేరింగులో చప్పుడు.
పన్నెండో ఏడు: 1,12,000. పాస్. ఫ్రేమ్ తుప్పు ఇప్పుడు రెండు వైపులా. ముందు కుడి బేరింగు మళ్లీ.
పదమూడో ఏడు: 1,14,800. వేరే తనిఖీ కేంద్రం. పాస్. అడుగున కోటింగ్ ఉండటం వల్ల ఫ్రేమ్ పూర్తిగా చూడలేకపోయామని ఒక్క వాక్యం.
ఈ ఏడు: 1,16,200. ఇంకో కేంద్రం. పాస్. రిమార్కులు లేవు.

మీటరు ఎక్కడా వెనక్కి తగ్గలేదు. అది మంచి విషయమే. దిగుమతి బండైతే మైళ్లు, కిలోమీటర్లు కలిసిపోయి రీడింగు ఒక్కసారిగా 1.6 రెట్లు ఎగరడమో పడిపోవడమో కనిపిస్తుంది, దాన్ని చూసి మోసం అనుకోకూడదు. ఇక్కడ ఆ గొడవ కూడా లేదు. చాలామంది మీటరు ఒక్కటే చూసుకుని ఇక్కడితో తృప్తి పడతారు. కానీ అంకెల మధ్య దూరాలు చూడండి. మొదటి యజమాని దగ్గర ఏడాదికి దాదాపు 15,000 కి.మీ. తిరిగిన బండి రెండో యజమాని చేతికి రాగానే మూడు నాలుగు వేలకి పడిపోయింది. "తక్కువ తిరిగింది" అని ప్రకటనలో రాసింది దీన్నే. ఆఫ్‌రోడ్ బండికి తక్కువ కిలోమీటర్లు అంటే తక్కువ అరుగుదల అని అర్థం కాదు. వాడకం మారిందని మాత్రమే అర్థం. అదే ఏడు పెద్ద టైర్లు వచ్చాయి, అదే ఏడు తనిఖీకి అడుగున బురదతో వెళ్లింది. ఎక్కడ తిరుగుతోందో ఊహించడం కష్టం కాదు.

నా కళ్లు ఎక్కువసేపు ఆగింది బేరింగుల దగ్గర. కుడి బేరింగు తొమ్మిదో ఏట మార్చారు, పన్నెండో ఏట మళ్లీ చప్పుడు. మధ్యలో తిరిగింది 7,300 కి.మీ. మామూలుగా లక్ష కిలోమీటర్లు వచ్చే వస్తువు ఏడు వేలకే పోయిందంటే ముందు అనుమానించాల్సినవి రెండు కారణాలు. బిగింపు సరిగ్గా లేకపోవాలి, లేదా హబ్ (చక్రం మధ్యలో బేరింగు ఉండే భాగం) లోపలికి నీళ్లు వెళ్తూ ఉండాలి. మధ్యలో ఎడమ బేరింగు కూడా మొదలెట్టింది కాబట్టి నేను రెండోదాని వైపే మొగ్గాను.

19 నెలల ఖాళీ గురించి కొనేవాళ్లు భయపడతారు, యాక్సిడెంట్ అయ్యుంటుందని. కావచ్చు కూడా. అయితే ఫోర్ బై ఫోర్‌కి ఇంకో అవకాశం ఎప్పుడూ ఉంటుంది. రోడ్డు మీదికి రాని బండికి తనిఖీ అక్కర్లేదు కాబట్టి సొంత పొలంలోనో తోటలోనో దాన్ని వాడుతూ ఉండొచ్చు. ఈ బండి ఆ ఖాళీలో 4,200 కి.మీ. తిరిగింది. షెడ్డులో నిలబడి ఉన్న బండికి మీటరు కదలదు.

ఇక తుప్పు. ఒక ఏడు ఒకవైపు, మరుసటి ఏడు రెండు వైపులా, ఆపై ఏడు కోటింగ్, ఆ తర్వాత శూన్యం. తుప్పు తనంతట తాను పోదు. మధ్యలో వెల్డింగ్ జరిగి ఉండాలి, లేకపోతే అది ఆ నలుపు కింద అలాగే ఉండాలి. తుప్పు రిమార్కు పడ్డాకే రెండుసార్లు తనిఖీ కేంద్రం మారడం కూడా నేను నోట్ చేసుకున్నాను. ఇల్లు మారినవాళ్లు కేంద్రం మారుస్తారు, కాబట్టి దాన్ని ఒంటరిగా నేరంగా చూడను. మిగతావాటితో కలిపి చూస్తాను.

తనిఖీలో చూడనివి

ఇక్కడ తనిఖీ చేసేవాళ్లను తప్పుపట్టడానికేం లేదు. వాళ్లు దేన్నీ విప్పరు, కోటింగ్ గీకరు. ఆ రోజు ఆ బండి రోడ్డు మీద నడవడానికి సురక్షితమా అన్నదే వాళ్ల పని. లో రేంజ్ పడుతుందా, డిఫరెన్షియల్ లాక్ (రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరిగేలా బిగించేది) పట్టుకుంటుందా, యాక్సిల్ ఆయిల్‌లో నీళ్లు కలిశాయా అన్నవి అందులో రావు. బ్రిటన్ పరీక్షలో తుప్పు చూసేటప్పుడు సస్పెన్షన్, స్టీరింగ్, బ్రేకులు, సీటు బెల్టులు బిగించిన చోట్లకు 30 సెంటీమీటర్ల లోపలి లోహానికి ఎక్కువ ప్రాధాన్యం ఇస్తారు. ఎప్పుడూ నాలుగు చక్రాలకూ డ్రైవ్ ఉండే బండ్లను ఒక యాక్సిల్‌నే తిప్పే రోలర్ మీద ఎక్కిస్తే ట్రాన్స్‌ఫర్ కేస్ దెబ్బతినొచ్చు. అందుకని వాటిని ఎక్కువగా నడిపి, బ్రేకు కొట్టి డిసెలరోమీటరుతో (వేగం ఎంత త్వరగా తగ్గిందో చూపే పరికరం) కొలుస్తారు. ఎడమ చక్రం ఎంత పట్టింది, కుడి చక్రం ఎంత పట్టింది అన్న అంకెలు అలా కొలిచిన బండికి ఉండవు. పాస్ కాగితాన్ని దాని పరిధిలోనే నమ్మాలి.

అమ్మేవారితో మాట

బండి చూడ్డానికి వెళ్లే ముందే అమ్మేవారికి ఫోన్ చేశాను. దాచిపెట్టే మనిషిలా అనిపించలేదు. ఆ 19 నెలలు ఏం చేశారండీ అంటే, "తోటలోనే వాడుకున్నాను సార్, రోడ్డెక్కించే అవసరం రాలేదు, అందుకే పరీక్ష చేయించలేదు" అని సూటిగా చెప్పారు. వాగు దాటించారా అంటే, వానాకాలంలో రోజూ అన్నారు. బేరింగు మార్చిన బిల్లు ఒకటి చూపించారు. కోటింగ్ బిల్లు కూడా ఉంది, పన్నెండో ఏటి తనిఖీకీ పదమూడో ఏటి తనిఖీకీ మధ్య తేదీతో. అందులో ఒకే ఒక్క వరస: అండర్‌కోటింగ్, మెటీరియల్, లేబర్. తుప్పు గీకినట్టు గానీ, ప్లేటు వేసి వెల్డ్ చేసినట్టు గానీ ఎక్కడా లేదు. ఆయన ఉద్దేశంలో కోటింగే తుప్పుకి మందు. వర్క్‌షాప్‌లో అలాగే చెప్పారట.

తుప్పు మీద నేరుగా కోటింగ్ వేస్తే జరిగేది వేరు. లోపలి తేమ బయటికి పోయే దారి మూసుకుపోతుంది. పైగా ఫ్రేమ్ డబ్బా ఆకారంలో ఉంటుంది, దాని లోపలి గోడకి బయట వేసిన కోటింగ్‌తో సంబంధమే లేదు. బురదలో తిరిగే బండి ఫ్రేమ్ ఎక్కువగా లోపలి నుంచే తుప్పు పడుతుంది. నీళ్లు పోవడానికి అడుగున పెట్టిన రంధ్రాలు మట్టితో పూడిపోతాయి, ఆ మట్టి ఎండాకాలంలో కూడా తడిగానే ఉంటుంది.

ఆయన్ని రెండు అనుమతులు అడిగాను. ఒకచోట నాణెం అంత మేర కోటింగ్ గీకడానికి, రాత్రంతా బండిని కదపకుండా ఉంచి పొద్దున్నే యాక్సిల్ డ్రెయిన్ ప్లగ్ కొద్దిగా వదులు చేయడానికి. రెండింటికీ ఒప్పుకున్నారు. గీకేదైనా విప్పేదైనా అమ్మేవారి ఎదురుగా, అనుమతితోనే చెయ్యాలి. ఒప్పుకోకపోతే అదీ ఒక సమాచారమే.

లిఫ్ట్ మీద

ముందు చిన్న సుత్తితో ఫ్రేమ్ వెంబడి తట్టుకుంటూ వెళ్లాను. ఇంజిన్ కింద, గేర్‌బాక్స్ దగ్గర లోహం ఖంగుమంది. వెనక యాక్సిల్ పైకి వంపు తిరిగే చోటికి రాగానే చప్పుడు మారిపోయింది, మందంగా, పొడిగా. కుడివైపు ఒక జానెడు మేర, ఎడమవైపు అంతకంటే కొంచెం తక్కువ. సరిగ్గా పన్నెండో ఏటి రిమార్కులో రాసిన చోటే.

ఆ వంపు కింద ఉన్న డ్రెయిన్ రంధ్రం కోటింగ్‌తో మూసుకుపోయి ఉంది. స్క్రూడ్రైవర్ మొనతో ఆ పొర తీసి లోపలికి కదిపితే ముందు తడి మట్టి, ఆ వెనకే వేలి గోరంత రేకులు ఊడి అరచేతిలో పడ్డాయి. రేకు ఒకటి వేళ్ల మధ్య నలిపితే ఎర్రటి పొడైపోయింది. కెమెరా వైరు లోపలికి పంపి చూశాం. అడుగు గోడంతా అట్టలు కట్టి లేచి ఉంది. అమ్మేవారు కూడా నా పక్కన నిలబడి స్క్రీను మీద అదంతా చూశారు, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

మందం కొలవడానికి అల్ట్రాసోనిక్ గేజ్ వాడాను. దానికి శుభ్రమైన లోహం కావాలి, కోటింగ్ మీద పెడితే అంకె అబద్ధం చెబుతుంది. గుంటలు పడిన చోట ఒకే రీడింగు నమ్మకూడదు, చుట్టుపక్కల నాలుగైదు తీసుకుని అన్నిటికంటే తక్కువది రాసుకోవాలి. ముందు భాగంలో ఫ్రేమ్ గోడ 3.1 మిల్లీమీటర్లు చూపించింది. వెనక కుడివైపు తక్కువలో తక్కువ 1.4. సస్పెన్షన్ బరువంతా మోసే చోట సగం లోహం కూడా మిగల్లేదు. పైన పటారం లోన లొటారం అన్నమాట ఈ ఫ్రేమ్‌కి అక్షరాలా సరిపోతుంది.

తర్వాత ముందు చక్రాలు. జాకీ మీద లేపి, చక్రాన్ని గడియారంలో 12, 6 ఉండే చోట్ల పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపితే కుడివైపు కదలిక తెలుస్తోంది. ఈ కదలిక బేరింగుదా, చక్రం పక్కలకి తిరగడానికి ఆధారమైన కింగ్‌పిన్‌దా అని తేల్చడానికి తేలిక పద్ధతి ఒకటుంది. ఇంకొకరిని లోపల కూర్చోబెట్టి బ్రేకు పెడల్ గట్టిగా తొక్కమని చెప్పి మళ్లీ ఊపాలి. కదలిక ఆగిపోతే అది బేరింగుది, అలాగే ఉంటే కింగ్‌పిన్‌ది. ఇక్కడ ఆగిపోయింది. హబ్ క్యాప్ తీస్తే గ్రీజు బూడిద రంగులో పలచబడి ఉంది, అంచున చిన్న నీటి బొట్లు.

వెనక యాక్సిల్ డ్రెయిన్ ప్లగ్‌ని పావు చుట్టు వదులు చేశాం. నీళ్లు నూనె కంటే బరువు కాబట్టి రాత్రంతా కదలని బండిలో అవి అడుక్కి చేరతాయి. బండిని అప్పుడే నడిపి తెస్తే రెండూ కలిసిపోయి తేడా తెలియడం కష్టం. ముందు కొన్ని నీటి చుక్కలే వచ్చాయి, ఆ తర్వాత తెల్లబారిన ఆయిల్. ప్లగ్ అయస్కాంతానికి సన్నటి నల్లటి పేస్టు అంటుకుని ఉంది. అది మామూలే. గోరు కింద గుచ్చుకునే ముక్కలు ఉంటే గేర్ల పళ్లు పోతున్నట్టు. అవి లేవు, ఆ మేరకు ఫరవాలేదు.

నీళ్లు ఎలా వెళ్లాయో పైకి చూడగానే తెలిసింది. యాక్సిల్ లోపలి గాలి వేడికి వ్యాకోచించినప్పుడు బయటికి పోవడానికి హౌసింగ్ మీద సన్నటి బ్రీదర్ పైపు ఉంటుంది. వేడెక్కిన యాక్సిల్ ఒక్కసారిగా వాగు నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని బయటి నుంచి పీల్చుకుంటుంది. పైపు రెండో కొస ఎత్తులో ఉంటే గాలి వస్తుంది. బురదతో మూసుకుపోతే ఆయిల్ సీల్ అంచుల్లోంచి నీళ్లు వస్తాయి. ఈ బండిలో పైపు హౌసింగ్ దగ్గరే చిట్లిపోయి ఉంది, అంటే వాగు దిగిన ప్రతిసారీ నేరుగా నీళ్లే లోపలికి పోయాయి. పెద్ద ఖర్చు లేని ఒక రబ్బరు పైపు అది. ఏళ్ల తరబడి ఎవరూ చూడలేదు.

గంటల లెక్క

పెద్ద టైర్ల వల్ల మీటరు ఎంత తక్కువ చూపించిందని కొనేవారు అడిగారు. ప్లేటు మీదున్న సైజు 245/75 ఆర్16, వ్యాసం దాదాపు 774 మి.మీ. బండికి ఉన్నవి 285/75 ఆర్16, దాదాపు 834. చక్రం ఒక చుట్టుకి 7.8 శాతం ఎక్కువ దూరం వెళ్తుంది, మీటరుకి ఆ సంగతి తెలియదు. రెండో యజమాని కాలంలో మీటరు చూపిన 18,600 నిజానికి దాదాపు 20,000 అన్నమాట. ఈ తేడా వల్ల కొంపలేం మునగవు.

దానికంటే ముఖ్యమైనది ఇంజిన్ తిరిగిన గంటలు. అన్ని బండ్లలోనూ దొరకదు గానీ ఈ బండి ఈసీయూలో (ఇంజిన్ని నియంత్రించే కంప్యూటర్) ఆ లెక్క ఉంది: 4,650 గంటలు. మొదటి యజమాని తిరిగిన 97,600 కి.మీ.కి సగటు వేగం గంటకు 45 అనుకుంటే దాదాపు 2,170 గంటలు పోతాయి. మిగిలిన 2,480 గంటలు ఆ 20,000 కి.మీ.కే. అంటే గంటకు 8 కి.మీ. సగటు. లో రేంజ్‌లో, ఫస్ట్, సెకండ్ గేర్లలో, నిలబెట్టి ఆన్‌లో ఉంచి గడిచిన కాలం అది. ఆయిల్, ఫిల్టర్లు మాత్రం కిలోమీటర్లు చూసి మార్చారు, కాబట్టి గంటల లెక్కన చూస్తే చాలా ఆలస్యంగా మారాయి. మీటరు ప్రకారం ఇంకా సగం జీవితం మిగిలిన ఇంజిన్ అనిపిస్తుంది. గంటల ప్రకారం అది సగటున గంటకు 45 కి.మీ. చొప్పున రెండు లక్షలు దాటి తిరిగిన ఇంజిన్‌తో సమానం.

టెస్ట్ డ్రైవ్ గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. బండి బాగానే నడిచింది. స్టీరింగ్ నిటారుగా ఉంది, బ్రేకు ఒకవైపు లాగలేదు, లో రేంజ్ పడింది. డ్రైవ్‌తో మాత్రమే నిర్ణయం తీసుకుని ఉంటే ఆ రోజే అడ్వాన్స్ చేతులు మారేది.

ఏం తేలింది

రిపోర్టులో మూడు దారులు రాశాను. ఫ్రేమ్ వెనక భాగం కోసి కొత్త లోహం వేయించి, హబ్‌లు, సీల్స్, బ్రీదర్లు, ఆయిళ్లు అన్నీ సరిచేయించి అమ్మేవారు ఇస్తే కొనొచ్చు. ఆ ఖర్చు ధరలో తగ్గిస్తే కొనేవారే చేయించుకోవచ్చు, నా అంచనా ప్రకారం అది అడిగిన ధరలో మూడో వంతు దాకా వస్తుంది. లేదా వదిలేయడం. నన్నడిగితే మొదటిదో మూడోదో మంచిదన్నాను. కోటింగ్ మొత్తం తీసేదాకా ఫ్రేమ్‌లో ఇంకెంత పోయిందో ఎవరికీ తెలియదు, తెలియని ఖర్చుని నెత్తిన వేసుకోమని నేను ఎవరికీ సలహా ఇవ్వను. ఇంట్లోవాళ్లని ఎక్కించుకుని కొండదారిలో దిగేటప్పుడు ఆ 1.4 మిల్లీమీటర్ల చోటు మీదే వెనక సస్పెన్షన్ ఆనుకుని ఉంటుంది. దీనికంటే గట్టిగా ఎలా చెప్పాలో నాకు తెలియదు.

కొనేవారు వదిలేశారు. రిపోర్టు కాపీ ఒకటి అమ్మేవారికి కూడా ఇద్దామంటే కొనేవారు వెంటనే ఒప్పుకున్నారు, దానికి ఆయనంటే నాకు గౌరవం. అమ్మేవారు ప్రకటన తీసేసి బండిని ఫ్రేమ్ పనికి పంపారు.

కొన్ని వారాలకి కొనేవారు ఇంకో బండి రికార్డు పంపుతూ, "ఇది మరీ ఘోరంగా ఉందండీ, రెండుసార్లు ఫెయిలైంది" అన్నారు. చదివితే నాకు నచ్చింది. ఒకసారి బ్రేకు గొట్టాల మీద ఫెయిలైంది, గొట్టాలన్నీ కొత్తవి వేసిన బిల్లు ఉంది. ఇంకోసారి ఫ్రేమ్ తుప్పు మీద ఫెయిలైంది. వారం తర్వాత పాస్, ఆ వారంలో కోసి వెల్డ్ చేసిన ఫొటోలు, వాడిన ప్లేటు మందం, తుప్పు పట్టకుండా లోపల వ్యాక్స్ కొట్టిన సంగతి బిల్లులో వివరంగా రాసి ఉన్నాయి. ఆ తర్వాత మూడేళ్ల తనిఖీల్లో ఆ చోటు గురించి ఒక్క మాట లేదు, కోటింగ్ వల్ల చూడలేకపోయామన్న మాట కూడా లేదు. ప్రతి ఫెయిల్ వెనకా ఎవరో శ్రద్ధగా పని చేయించిన ఆనవాలు ఉంది. మీటరు ముందు బండి కంటే 60,000 ఎక్కువ.

లిఫ్ట్ మీద వెల్డింగ్ చోట సుత్తి ఖంగుమంది, గేజ్ 3 మి.మీ. చూపించింది. వెనక డిఫరెన్షియల్ ఆయిల్ ముదురు రంగులో ఉన్నా నీళ్లు లేవు. ముందు యాక్సిల్‌కి శక్తి తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ యూనివర్సల్ జాయింటులో కొద్దిగా వదులు, ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక సీల్ దగ్గర ఆయిల్ చెమ్మ దొరికాయి. రెండింటికీ ధరలో తగ్గింపు అడిగి ఆ బండి కొన్నారు.

కొన్న వారంలోనే అన్ని యాక్సిళ్ల ఆయిల్ మార్చి, బ్రీదర్ పైపులు ఇంజిన్ బేలో పైదాకా పొడిగించాం. ఫ్రేమ్ మీద ఆరు చోట్ల గుర్తులు పెట్టి, ప్రతి చోటా మందం కొలిచి, ఫొటోతో సహా ఒక షీటులో రాసి యజమానికి ఇచ్చాను. ఏటా తనిఖీకి వెళ్లే ముందు అదే చోట్ల మళ్లీ కొలవాలి. ఇంజిన్ గంటలు కూడా ఆ షీటులోనే రాస్తారు, ఆయిల్ మార్పు ఇక గంటల లెక్కనే. ఆ బండికి ఆఖరి తనిఖీలో ముందు ఎడమ బుష్ వదులని ఒక చిన్న రిమార్కు మిగిలి ఉంది. వచ్చే తనిఖీకి ముందే అది మార్పించి, బిల్లు రికార్డుతో పాటు ఫైల్లో పెట్టమని చెప్పాను.